వీధిలో పదిహేను మంది పనికి సిద్ధం. బ్లీచింగ్ గీతలు, పొగ బండి కాకుండా ఏం చేయాలి?

గట్టుమీద_వీధి
పంట కాలవ గట్టు మీద అరవై ఇళ్ళ వీధి మాది. వానలు పడ్డాక ఏటా ఒకటే తంతు. ఎవరికో విరేచనాలు, ఇంకెవరికో డెంగీ అనగానే మురుగు కాలవ పక్కన ముగ్గేసినట్టు బ్లీచింగ్ చల్లుతారు. సాయంత్రం పొగ బండి ఓ చుట్టు తిరుగుతుంది. ఫొటో దిగుతారు, వెళ్ళిపోతారు. ఈసారి పదిహేను మంది ఆదివారం రెండేసి గంటలు పని చేస్తామంటున్నారు. ఎక్కడ మొదలెట్టాలి? చీపుర్లు పట్టుకుని ఊడ్చే కార్యక్రమం మాత్రం వద్దు. తాగునీళ్ళు, దోమలు, పాములు, రాత్రిళ్ళు గట్టు మీద రాకపోకలు. ఈ నాలుగే మా బాధలు.

ఆయ్_చెప్పండి
టిఫిన్ పెట్టకపోతే పదిహేను మంది అయిదుగురవుతారండీ. ఆ పద్దు ముందు రాసుకోండి.

నీళ్ళ_ల్యాబు
నీళ్ళతో మొదలెట్టండి. చేత్తో పట్టుకుని చూడగలిగే ఫలితం ముందు అక్కడే వస్తుంది.

ముందో లెక్క. ఓవర్‌హెడ్ ట్యాంకు 60,000 లీటర్లు అనుకుందాం. 1000 లీటర్లకు 4 గ్రాముల చొప్పున ఒక నింపుడుకి 240 గ్రాముల బ్లీచింగ్ చాలు. అంటే 25 కిలోల బస్తా వంద నింపుళ్ళ పైనే వస్తుంది. అదే బస్తా కాలవ పక్కన చల్లితే ఒక్క పూటలో ఖాళీ. బురద, చెత్త తగలగానే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది, రోగాన్ని ఆపదు, దోమనీ ఆపదు. మీ ఊళ్ళో బ్లీచింగ్ లేక కాదు, తప్పు చోట పోస్తున్నారు.

కలిపే పద్ధతి: ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, ముప్పాతిక బకెట్ దాకా నీళ్ళు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పొయ్యాలి, అదీ ట్యాంకు నిండుతుండగా పోస్తే బాగా కలుస్తుంది. అడుగు మడ్డితో సహా కుమ్మరిస్తే వాల్వుల్లో సున్నం పేరుకుంటుంది. పోశాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగి వాల్వు తిప్పాలి. చాలా చోట్ల ఈ ఆగడం దగ్గరే పని చెడుతోంది. పంపు ఆపరేటరు పోసిన అయిదు నిమిషాలకే వదిలేస్తాడు.

బోదెగట్టు
4 గ్రాములు అన్ని చోట్లా చాలదు ల్యాబు గారూ. కాలవలకి నీళ్ళు ఆపేశాక మే నెలలో మంచినీళ్ళ చెరువు అడుగంటితే నీళ్ళు పచ్చగా ఉంటాయి. ఆ పాచి మీదే క్లోరిన్ అంతా పోతుంది.

నీళ్ళ_ల్యాబు
ఒప్పుకుంటున్నా. 4 గ్రాములనేది మొదలెట్టడానికి ఒక అంకె, అంతే. కొత్త పౌడర్లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూతి విప్పిన బస్తాని చెమ్మలో పడేస్తే వారాల్లోనే చచ్చుబడుతుంది. అందుకే గ్రాముల మీద కాదు, చివరి కుళాయి మీద నమ్మకం పెట్టుకోవాలి. నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూపించే క్లోరోస్కోప్ పెట్టె కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. ట్యాంకుకి అందరికన్నా దూరంగా ఉన్న ఇంటి కుళాయి నీళ్ళు గొట్టంలో గీత దాకా పట్టి, మందు చుక్కలు పెట్టెమీద రాసినన్ని వేసి, పది సెకన్లలోపు రంగు పోల్చాలి. లేత పసుపు, అంటే లీటరుకి 0.2 మిల్లీగ్రాములు, కనిపించాలి. ఆలస్యంగా చూస్తే రంగు ముదిరి ఎక్కువ ఉన్నట్టు మోసం చేస్తుంది. ఇనుము, మాంగనీసు ఉన్న బోరు నీళ్ళు కూడా దొంగ పసుపు చూపిస్తాయి.

నీళ్ళు కలకబారి ఉంటే ముందు పటిక, తేర్చడం. ఆ తర్వాతే క్లోరిన్. బురద రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి.

పాలకొల్లు_పందిరి
ట్యాంకు దగ్గర బాగుండి చివరి ఇంట్లో సున్నా వస్తే?

నీళ్ళ_ల్యాబు
అప్పుడు దొంగ మధ్యలో ఉన్నట్టే. మన గోదావరి డెల్టాలో ముగ్గురు దొంగలు.

ఒకటి, గుంట కుళాయి. ప్రెజర్ లేదని రెండడుగుల గుంట తవ్వి కుళాయి కిందకి దించుతారు. గుంటలో వాన నీళ్ళు, అంట్లు కడిగిన నీళ్ళు నిలుస్తాయి, కుళాయి మూతి అందులో మునుగుతుంది. సరఫరా ఆగగానే పైపులో ఖాళీ ఏర్పడి ఆ నీళ్ళని వెనక్కి పీలుస్తుంది. మర్నాడు ముందు వచ్చే బిందె అదే. రెండు, కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగడం. ఒకరు లాగితే పక్కింటి పైపు కీళ్ళలోంచి మురుగు లోపలికొస్తుంది. మూడు, మురుగు కాలవ అడుగునుంచి పోయే ఇంటి కనెక్షన్ పైపు.

బోదెగట్టు
మూడోదానికి మందు తేలికే. ఆ పైపుని కాలవ పై అంచు మీదుగా ఎత్తి తిప్పాలి. వీలుపడకపోతే పెద్ద సైజు పైపు ఒకటి తొడుగులా వేసి దానిలోంచి తెచ్చుకోవాలి, కాలవ మధ్యలో కీలు ఉండకూడదు. ఆదివారం మొదటి పని ఇదే పెట్టండి: వీధి చివరనుంచి నడిచి ఏ ఇంటి పైపు మురుగులో మునిగి ఉందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుంట కుళాయిలకి అడుగున కాంక్రీటు, చుట్టూ జానెడు గట్టు, నీళ్ళు బయటికి పోయే దారి. అసలు ప్రెజర్ పెరగాలంటే మోటార్లు ఆగాలి. ఆ తగువు మాత్రం పదిహేను మంది కలిసే తేల్చుకోవాలి, ఒక్కడు వెళ్తే దెబ్బలాటే.

ఆయ్_చెప్పండి
మోటారు పెట్టేది ప్రెసిడెంటు గారి బావమరిది అయితేనో?

కొబ్బరితోట_కోనసీమ
అలాంటప్పుడు క్లోరోస్కోప్ గొట్టాలు రెండు, ట్యాంకు దగ్గరిదీ చివరి ఇంటిదీ, గ్రామసభలో బల్ల మీద పెట్టండి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు. పేరెత్తక్కర్లేదు.

సూదిమందు
మరొక దారి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకి ఫీల్డ్ కిట్టుతో నీళ్ళ పరీక్ష నేర్పాలని ఉంది. మీ ఊళ్ళో వాళ్ళెవరో సచివాలయంలో అడగండి. కిట్టు బీరువాలో ఉంటే బయటికి తీయించండి. నీళ్ళలో మలం కలిసిందో లేదో చెప్పే సీసా కూడా ఉంటుంది, నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులుంచితే, మలం కలిసి ఉంటే నల్లబడుతుంది. నల్లబడిందంటే ఆ కుళాయి నీళ్ళు కాచుకునే తాగాలి. గలగలా మరిగితే చాలు, గ్యాసంతా తగలెయ్యక్కర్లేదు. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం, అందుకే ఓఆర్ఎస్ ప్యాకెట్టే మేలు. పిల్లలకి దాంతోపాటు జింకు 14 రోజులు. విరేచనాలు తగ్గగానే ఆపేస్తారు, ఆపకూడదు.

పాలకొల్లు_పందిరి
దోమల సంగతికి రండి. పొగ బండి దండగ అని మొదటాయన తేల్చేశారు, నేనొప్పుకోను. పొగ పెట్టిన రాత్రి కుట్టడం తగ్గుతుంది.

లార్వా_లెక్కలు
ఆ రాత్రికి తగ్గేది మురుగు దోమ పందిరి గారూ. డెంగీ దోమ వేరు. అది పగలు కుడుతుంది, పొద్దెక్కాక, మళ్ళీ పొద్దుగూకే ముందు. ఇంట్లో మంచం కింద, కర్టెన్ వెనక, బట్టల కొక్కేల దగ్గర కూర్చుంటుంది. పొగ బండి రాగానే మనం చేసేదేంటి, తలుపులు మూసుకుంటాం. దోమని లోపల పెట్టి కాపాడుతున్నామన్నమాట. తొట్టెలో ఉన్న పురుగులకి పొగ ఏమీ చెయ్యదు, మర్నాడు కొత్త దోమ లేస్తుంది. ఖాయమైన డెంగీ కేసు ఉన్న ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళల్లో లోపల కొట్టే పైరిత్రం స్ప్రేకి అర్థం ఉంది. ఒక పాలు మందుకి 19 పాళ్ళు కిరసనాయిలు. అది ఆరోగ్య శాఖ వాళ్ళ పని, అడిగి చేయించుకోండి.

గుడ్డు దోమ అవడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు. అందుకే వారానికోసారి నీళ్ళు పారబోయాలంటారు. శుక్రవారం డ్రై డే పెట్టిన కారణం అదే. పారబొయ్యడం ఒక్కటే చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటి గీతకి కాస్త పైన, తొట్టె గోడకి అంటుకుని ఉంటాయి. నెలల తరబడి ఎండినా చావవు, నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో గోడ రుద్దాలి.

వెతకాల్సిన చోట్లు: ఫ్రిజ్ వెనక ట్రే (ఎవరూ చూడరు), కూలర్, మూత సరిగా పడని పైట్యాంకు, సిమెంటు తొట్టి, పశువుల కుడితి గోలెం, పాత టైర్లు, పూలకుండీ కింద పళ్ళెం, రోలు.

కొబ్బరితోట_కోనసీమ
తోటలు మర్చిపోయారు. బొండాం చిప్పలు సరే, అవి అందరికీ తెలుసు. ఎలక కొట్టిన కాయలు చూడండి. చెట్టు మీదే చిన్న బొక్క పెట్టి లోపల తినేసి వదిలేస్తుంది, కాయ రాలి బొక్క పైకి పడిందంటే వాన నీళ్ళు నిండి నెలంతా అలాగే ఉంటుంది. లోపల చీకటి, చల్లన, దోమకి ఇంతకంటే ఏం కావాలి. అలాంటి కాయ దొరికితే కత్తితో రెండుగా నరికి బోర్లించాలి. చెట్టుకి ఎలక ఎక్కకుండా మొదలుకి ఆరడుగుల ఎత్తున రేకు చుట్టిస్తే కాయా మిగులుతుంది, దోమా తగ్గుతుంది. పక్క చెట్టు మట్టలు తగులుతుంటే మాత్రం రేకు దండగ, ఎలక అటునుంచి వస్తుంది.

ఆయ్_చెప్పండి
బొండాలమ్మే బండాయన దగ్గర చిప్పల గుట్ట సంగతి ఎవరు మాట్లాడతారు? అక్కడే తాగుతూ మాట్లాడతామా?

లార్వా_లెక్కలు
తాగాక చిప్పని రెండు ముక్కలు చేసి ఇమ్మనండి, గుట్ట మీద టార్పాలిన్ కప్పమనండి. అంతే.

లెక్క రాయడం ముఖ్యం. ఇద్దరేసి జట్టు, జట్టుకి ఎనిమిదిళ్ళు, టార్చి లైటు తప్పనిసరి. ఎన్ని ఇళ్ళు చూశాం, ఎన్ని పాత్రల్లో పురుగు దొరికింది, అంతే రాయండి. వంద ఇళ్ళకి లెక్కగడితే పురుగున్న పాత్రలు అయిదు లోపు ఉంటే వ్యాపించే అవకాశం తక్కువ, యాభై దాటితే గట్టి ప్రమాదం. మీ అరవై ఇళ్ళలో మూడు కంటే తక్కువకి దించాలి. ఇంకొక్క మాట, ఇంటివాళ్ళ చేతే తొట్టెలో టార్చి వేయించి పురుగుని చూపించండి. తోక పైకెట్టి వేలాడుతూ, వెలుతురు పడగానే గిలగిలా కిందికి పోతుంది. ఆ చూపు చూశాక మళ్ళీ చెప్పక్కర్లేదు.

వసిష్ఠ_రేవు
కాలవలో దోమ పురుగుల్ని తినే గంబూసియా చేపలు వదిలితే గొడవ వదిలిపోతుంది కదా.

లార్వా_లెక్కలు
పారే కాలవలో వద్దండీ. కాలవలో దోమ ఎలాగూ పెద్దగా గుడ్లు పెట్టదు, పైగా గంబూసియా మన నాటు చేపల గుడ్లని, పిల్లల్ని తినేస్తుంది. వాడని ఒరల బావి, పాడుబడ్డ తొట్టి అయితే పర్లేదు. గుర్రపుడెక్క పట్టిన చెరువు మాత్రం శుభ్రం చెయ్యాల్సిందే. ఆ వేళ్ళని పట్టుకుని ఊపిరి తీసుకునే దోమ జాతి వేరే ఉంది, చేపకి అందదు.

బోదెగట్టు
మురుగు కాలవ పూడిక తీయడం ఎవరూ సరిగా చెయ్యరు కాబట్టి దాని గురించి కాస్త వివరంగా.

మన నేల బల్లపరుపు, వాలు అంగుళాల్లోనే ఉంటుంది. అందుకే పూడిక ఎప్పుడూ నీళ్ళు బయటికి పడే కొసనుంచి పైకి తీసుకురావాలి. ఇంటి ముందు మొదలెట్టి కిందికి వెళ్తే నీళ్ళలో నిలబడి బురద పిసకడమే. ముందు తూములు చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా తూము ఎత్తవుతుంది. తూము అడుగు కాలవ అడుగు కన్నా జానెడు పైనుంటే ఎంత పూడిక తీసినా ఆ జానెడు నీళ్ళు నిలుస్తాయి, ఫైలేరియా (బోదకాలు) దోమ అక్కడే పెరుగుతుంది. పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి రెండు కొసలూ పట్టుకుంటే లెవెల్ తేలిపోతుంది, మేస్త్రీ దగ్గర ఉంటుంది. ఆ కొలత కాగితం మీద పెట్టి పంచాయతీకి ఇస్తే ఇంజనీరు కాదనలేడు.

తీసిన బురద గట్టునే వదిలేస్తే ఒక్క వానకి తిరిగి లోపలికే. ట్రాక్టరు ముందు మాట్లాడుకుని ఆ తర్వాత పార పట్టండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో పోటు టైముకి మురుగు వెనక్కి తంతుంది, ఆటు చూసుకుని పని పెట్టుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు, మూసిన సంపు జోలికి ఎవరూ దిగొద్దు. పైన నిలబడితే వాసన కూడా రాని గాలి రెండు ఊపిర్లలో పడేస్తుంది, లాగడానికి దిగినవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మిషనే పిలవండి. సెప్టిక్ గాలి గొట్టానికి నైలాన్ వల కట్టడం మాత్రం మీరే చెయ్యచ్చు. సైకిలు ట్యూబు ముక్కతో బిగిస్తే ఊడదు.

పాలకొల్లు_పందిరి
గుంతలో థర్మోకోల్ పూసలు పోస్తే దోమ గుడ్లు పెట్టలేదని విన్నాను.

బోదెగట్టు
నిజమే, పూసలు పైన పొరలా తేలి పనిచేస్తాయి. కానీ మన వైపు గుంతలు వానాకాలం పొంగుతాయి. పూసలన్నీ కాలవలోకి, అక్కడినుంచి చేలోకి. నేను వద్దంటాను.

లార్వా_లెక్కలు
మూత గట్టిగా ఉన్న, పొంగని గుంతకైతే మంచిదే. మొత్తానికి కొట్టిపారెయ్యకండి.

సూదిమందు
బురదలో దిగేవాళ్ళకి గమ్ బూట్లు, రబ్బరు గ్లౌజులు. ఎలకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టో జ్వరం వస్తుంది, కాలికి చిన్న గీత ఉన్నా చాలు. వరద నీళ్ళల్లో రోజూ పనిచేసేవాళ్ళకి డాక్టర్లు వారానికోసారి డాక్సీసైక్లిన్ రాస్తారు, అడగండి. మీ అంతట మీరు మింగకండి.

ఏడాదికోసారి ఇళ్ళకొచ్చి ఇచ్చే ఫైలేరియా మాత్రలు చాలామంది చేతిలో తీసుకుని చూరులో పెడతారు. వాళ్ళ ముందే మింగాలి. గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళు తప్ప. ఒంట్లో పురుగు ఉన్నవాళ్ళకే ఆ రోజు కాస్త జ్వరం, తలనొప్పి వస్తాయి. దాన్ని చూసి వీధంతా మానేస్తే మొదటికొస్తుంది.

డెంగీ: మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 రక్త పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష. పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరం తగ్గింది కదా అనుకునే రోజే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, మత్తు, వీటిలో ఏదున్నా ఆసుపత్రే. బొప్పాయి ఆకు రసం కోసం రెండు రోజులు వృథా చెయ్యకండి. వీధిలో ఒకే వారం రెండు జ్వరాలు కనపడితే ఆశా కార్యకర్తకి చెప్పే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

లంకపల్లె
పాముల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. వరద ఎక్కితే చేలో పాములన్నీ ఇళ్ళకే వస్తాయి.

సూదిమందు
దోమతెరే దీనికీ మందు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, పంటి గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం అంటే దాన్ని అనుమానించాల్సిందే. తెరని పరుపు కిందికి దోపాలి, వేలాడదియ్యకూడదు.

కరిస్తే తాడు బిగించొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి 108. రక్తపింజర కాటుకి పొడి గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు, అందుకే పాముని చంపి మోసుకెళ్ళక్కర్లేదు. ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు ఉందో వానలకి ముందే ఫోన్ చేసి కనుక్కుని వీధి గ్రూపులో పెట్టండి.

లంకపల్లె
వరద అంకెలు కూడా ఆ గ్రూపులో పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. భద్రాచలంలో 43, 48, 53. అక్కడ పెరిగిన నీళ్ళు మన దాకా రావడానికి వ్యవధి ఉంటుంది కాబట్టి అక్కడి అంకె చూసే సామాను సర్దుకోవాలి.

నీళ్ళు దిగాక బావి శుభ్రం చెయ్యడానికి వెంటనే మోటారు పెట్టి తోడెయ్యకండి. చుట్టూ నేల నానిపోయి ఉంటుంది, లోపల ఖాళీ అవగానే ఒరలు కూలతాయి.

నీళ్ళ_ల్యాబు
సరిగ్గా చెప్పారు. అయిదడుగుల వ్యాసం, పదడుగుల నీళ్ళున్న బావిలో సుమారు 5,560 లీటర్లు ఉంటాయి. 1000 లీటర్లకి 150 గ్రాముల చొప్పున సుమారు 830 గ్రాముల బ్లీచింగ్ కలిపి తేర్చి పోసి, ఒక రాత్రంతా వాడకుండా ఉంచాలి. తర్వాత నెమ్మదిగా తోడి, వాసన తగ్గాక క్లోరోస్కోప్‌తో చూసుకుని వాడాలి.

వసిష్ఠ_రేవు
గట్టు మీద రాకపోకలకి: మలుపుల్లో పెరిగిన పిచ్చి చెట్లు ఎదురొచ్చే బండి కనపడేంత మేర నరకాలి. కాలవ వైపు కొబ్బరి మొద్దులు పాతి తెల్ల రంగు, పైన ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, మలుపులో దగ్గర దగ్గరగా. ఇరిగేషన్ వాళ్ళకి చెప్పి పాతండి, గట్టు వాళ్ళది. వీధి దీపం వెలగకపోతే స్తంభం నంబరుతో ఫిర్యాదు ఇవ్వాలి, లైటు లేదంటే ఎవరూ రారు. కరెంటు తీగ తెగినా, స్టే వైరు (స్తంభాన్ని లాగి కట్టే తీగ) షాక్ కొట్టినా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912.

వంతెన దగ్గర లారీ ట్యూబు, 20 మీటర్ల నైలాన్ తాడు వేలాడదియ్యండి. లాకుల దగ్గరి లస్కర్ (కాలవ నీళ్ళు చూసే ఉద్యోగి) ఫోన్ నంబరు పక్కనే రాయండి, నీళ్ళు తగ్గించాలంటే ఆయనే. నీళ్ళలోంచి తీసినవాడికి పొట్ట నొక్కకండి. ఊపిరి లేకపోతే ముందు నోట్లో ఊపిరి ఊది, ఆ తర్వాత 30 నొక్కుళ్ళకి 2 ఊపిర్లు.

ఆయ్_చెప్పండి
ట్యూబు వారంలో ఈత నేర్చుకునే పిల్లలు పట్టుకుపోతారండీ.

వసిష్ఠ_రేవు
అందుకే పంక్చర్ అతుకులు నాలుగున్న పాత ట్యూబు పెట్టాలి. గాలి వారం వారం చూసేది ఆ పిల్లల్లోనే ఒకడికి అప్పజెప్పండి.

గట్టుమీద_వీధి
డబ్బు? చందాలంటే రెండో వారానికే గొడవ.

సూదిమందు
గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి ఏడాదికి 10,000 దాకా నిధి ఉంటుంది. ఇలాంటి పనులకే. ఈ ఏడాది పడిందా, దేనికి ఖర్చయింది అని ఏఎన్ఎమ్ గారిని మర్యాదగా అడగండి. క్లోరోస్కోప్, టార్చీలు, గ్లౌజులు, వలలు దాంట్లోనే సరిపెట్టచ్చు. ట్రాక్టరు పంచాయతీది.

గట్టుమీద_వీధి
సరే. ఈ ఆదివారం మునిగిన పైపులకి సుద్ద గుర్తులు, చివరి కుళాయి పరీక్ష. శుక్రవారం తొట్టెలు. పూడిక మాత్రం ట్రాక్టరు దొరికాకే. క్లోరోస్కోప్ మందు సీసా ఎంతకాలం వస్తుంది?

నీళ్ళ_ల్యాబు
సీసా మీద తేదీ చూసి కొనండి. ఎండ తగలని చోట పెట్టాలి, కిటికీలో పెడితే పాడవుతుంది. మందు నీళ్ళలా తేటగా ఉండాలి, రంగు తిరిగితే పారెయ్యండి. చేతికి తగలనివ్వకండి, పిల్లలకి అందనివ్వకండి, పరీక్ష చేసిన నీళ్ళు తిరిగి బిందెలో పొయ్యకండి. ఇదే పరీక్షకి వాడే డీపీడీ మాత్రలు దొరికితే ఇంకా మంచిది, వాటికి రంగు గులాబీ.

ఆయ్_చెప్పండి
గులాబీ వస్తే టిఫిన్‌లో పెసరట్టు, రాకపోతే ఉప్మా. ఆపరేటరు గారికి కూడా చెప్పండి.